మెయిల్ పుట్టిన ఊరు

మీరు నవ్వరంటే చెప్త. మొన్న మనవరాలి తొట్టెల పండుగ రోజు మా ఇంట్ల ఒక దొంగను పట్టిన. నేనే పట్టిన. చుట్టాలందరి ముందు పట్టిన. పట్టకపోయి ఉంటే ఎంత బాగుండు!

  వినుండ్రి.

మాది బోధన్. చాలా ఏండ్లు చక్కెర ఫ్యాక్టరీ చెరుకు కాటా దగ్గర చిట్టీలు రాసిన. బండి వస్తది, తూకమైతది, చిట్టీ చింపి ఇస్త. చిట్టీల అన్నిటికన్న పైన ఊరి పేరు. దాని కింద రైతు పేరు, బండి, తూకం. పై గీత చూస్తే చాలు, ఆ చెరుకు ఎక్కడ పుట్టిందో తెలిసిపోతది. కొన్నాళ్ళకు నాకు చిట్టీ కూడ అక్కర్లేకపోయింది. గడలు చూసి ఊరు చెప్పేదాన్ని. "ఇది మోస్రాది. ఇది వర్నిది." రైతులు నోరు తెరిచేటోళ్ళు. ఆ పొగరు నాకు ఇంకా దిగలే. దిగలేదంటే, మొన్నటి దాక.

కాటా పని మానినంక ఇంట్ల కంప్యూటర్ పెట్టుకున్నం. అల్లుడు శ్రీకాంత్ బిగించిండు. నిజామాబాద్ కాలేజీల కామర్స్ చెప్తడు. బిగించేటప్పుడు అది పేరు అడిగింది.

"అత్తమ్మా, కంప్యూటర్‌కు పేరు కావాల్నంట. ఏం పెడదాం?"

నేను ఆలోచించనే లేదు. "బసవన్న!" అన్న.

బసవన్న మోస్రాల మా బాపు ఎద్దు. చెరుకు బండి కట్టినంక బాపు మొగులు చూసుకుంట పండుకునేటోడు. బసవన్న తనంతట తనే కాటాకు తెచ్చేది. ఒకసారి బాపు ఖాళీ బండి ఆపి చాయ్ తాగనీకి దిగిండు. తాగి వచ్చేసరికి ఎద్దు లేదు, బండి లేదు. చూస్తే కాటా ముంగట వరుసల నిలబడి ఉన్నది. బండి మీద మనిషి లేడు. చెరుకు గడ లేదు. బసవన్న మాత్రం పద్ధతిగ తన వంతు కోసం చూస్తున్నది!

అట్లాంటి నమ్మకమైన పేరు అని పెట్టిన. శ్రీకాంత్ నవ్వి ఇంగ్లిషుల కొట్టిండు. నేను మానిటర్‌కు పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టిన. దసరాకు దండ కూడ వేసిన.

మెయిల్ నేర్చుకున్న. మా పక్కింటి నసీమ్ కూడ మా ఇంటికే వచ్చి నేర్చుకున్నది. వాళ్ళాయన సలీం దమ్మాంల ఉంటడు. పొద్దున వంటయినంక ఆమె మెయిల్ కొట్టేది, నేను పక్కన కూర్చొని తప్పులు చెప్పేది. నా తప్పులు ఆమె చెప్పేది.

అంతల బిడ్డ స్వప్న కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. శ్రీకాంత్ కెమెరా పట్టుకొచ్చి దవాఖానల ఫోటోలు తీసిండు. "మెయిల్ చేస్త అత్తమ్మా" అని చెప్పి పోయిండు.

పిల్లను ఇంటికి తెచ్చిన తెల్లారి చూస్తే మెయిల్ వచ్చి ఉన్నది. ఫోటో అని ఉన్నది. నొక్కిన. ఏం రాలే. మళ్ళ నొక్కిన. తెర ఒక్కసారి మెరిసి ఊకున్నది. ఫోటోల పసిపిల్ల ఎట్ల పడ్డదో చూడాల్నని నాకు తొందర. టకటక నొక్కుతనే ఉన్న.

అల్లునికి ఫోన్ చేసిన. "ఫోటో తెరుచుకుంటలేదు శ్రీకాంత్!"

"నేనింకా పంపనే లేదు అత్తమ్మా" అన్నడు. కాలేజీ గంట కొట్టింది, పెట్టేసిండు.

మరి ఎవరు పంపిండ్రు? అని అడగాల్నా వద్దా? అడగలే. పసిపిల్ల ఏడ్చింది, పోయిన.

ఆ రోజు నుంచి మోడెం మీద చిన్న లైటు ఆగకుండ కొట్టుకోవడం మొదలుపెట్టింది. నసీమ్ చూసి అన్నది, "అక్కా, ఎవ్వరు ముట్టకున్నా మీ డబ్బా కన్ను కొడుతున్నదేంది?"

"కొత్త కనెక్షన్. ఫాస్ట్!" అన్న.

ఇగ నాకు చెత్త మెయిళ్ళు వచ్చుడు ఎక్కువైంది. లాటరీ తగిలిందని ఒకడు. గడియారం కొనమని ఒకడు. రాజుగారి వారసుడనని ఒకడు. ఒకరోజైతే బరువు తగ్గే గోలీల మెయిల్ నా పేరుతోనే నాకు వచ్చింది! పంపింది సావిత్రి, అందుకున్నది సావిత్రి. ఎంత ధైర్యం!

ఆదివారం పేపర్ల కంప్యూటర్ల గురించి ఒక ముక్క పడ్డది. ఇసోంటి మెయిల్ ఏ దేశం నుంచి వచ్చిందో మనమే పట్టొచ్చంట. మెయిల్‌కు ఫుల్ హెడర్ అని ఉంటదంట. అది తెరిస్తే దారి పొడుగునా అది ఎక్కడెక్కడ ఆగిందో గీతలు గీతలుగ ఉంటదంట. ఆ గీతల నంబర్లు ఉంటయి. నంబరును ఒక వెబ్‌సైట్‌ల వేస్తే మ్యాప్ మీద ఊరు చూపిస్తదంట. చదువుతుంటే నా ఒళ్ళు పొంగింది. ఇది కాటా చిట్టీ కాకపోతే ఇంకేంది!

"మిగతా లోపలి పేజీల" అని ఉన్నది. లోపలి పేజీ మీద నసీమ్ అప్పటికే వేడి సమోసాలు పెట్టింది. అక్షరాలన్ని నూనెల కరిగినయి. పోతే పోనీ. నాకు ఇంకా మిగతాది కూడ కావాల్నా?

ఒక చెత్త మెయిల్ తెరిచిన. పై గీత చూసిన. నంబరు వేసిన. అమెరికాల ఒక ఊరు చూపించింది. ఇంకోటి తెరిచిన. పై గీత. అదే ఊరు! లాటరీవాడు అదే ఊరు. గడియారంవాడు అదే ఊరు. నా పేరు పెట్టుకున్నవాడు కూడ అదే ఊరు!

"నసీమ్! దొంగలందరు ఒక్క దగ్గరనే ఉన్నరే!"

"యా అల్లా! ఊరంత దొంగలేనా అక్కా?"

"ఊరంతా."

వాడకట్టుల పేరొచ్చింది. బీడీల కంపెనీకి పొయ్యే ఆడోళ్ళు కూడ ఆగి అడిగేటోళ్ళు. "సావిత్రక్కా, మెయిల్ ముట్టకుండనే ఊరు చెప్తవంట గదా?" చెప్పేదాన్ని. ఊరు ఒక్కటే కాబట్టి చెప్పుడు అల్కగనే ఉండె.

ఇగ అసలు సంగతి.

తొట్టెల పండుగ దగ్గర పడ్డది. ఒక పొద్దున వియ్యపురాలు సులోచన వదిన ఫోన్ చేసింది. వాళ్ళు నిజామాబాద్‌ల ఉంటరు. వియ్యంకునికి గంజ్ మార్కెట్‌ల పసుపు దుకాణం.

"వదినా, బాగున్నవా?" అన్నది. గొంతు చల్లగ ఉన్నది.

"బాగున్న వదినా. తొట్టెలకు..."

"నా పొట్ట సంగతి నీకెందుకు?"

నాకు సమజ్ కాలే. ఆమెనే చెప్పింది.

వాళ్ళ దుకాణంల ఒక పద్ధతి ఉన్నది. సాంగ్లీ నుంచి, ఈరోడ్ నుంచి పసుపు ధరలు మెయిల్‌ల వస్తయి. తెర చూస్తే వియ్యంకునికి కండ్లు మంట. అందుకని వచ్చిన ప్రతి మెయిల్ గుమాస్తా ప్రింటు తీసి, తెలుగుల చెప్పుకుంట గట్టిగ చదువుతడు. దుకాణం అంత వింటది. ఆ రోజు "బోధన్ సావిత్రమ్మ నుంచి" అన్నడంట. అందరు మనవరాలి ముచ్చట అనుకున్నరు. వదిన అప్పుడే సద్ది పట్టుకొని వచ్చి కూర్చున్నది. "చదువు చదువు" అన్నది ఆమెనే.

"ప్రియమైన మిత్రమా. మీ పొట్ట చూసుకుంటే మీకే సిగ్గవుతున్నదా? అన్నం మానేసినా తగ్గుతలేదా?"

గుమాస్తా అక్కడ ఆగిండంట.

"చదువు" అన్నదంట వదిన.

"నడిచి నడిచి అలసిపోయిండ్రా?"

పసుపు బస్తాలు మోసేటోళ్ళు కూడ గోడ దిక్కు తిరిగి నవ్విండ్రంట.

"నేను రాయలే వదినా! ఒట్టు! అది దొంగ మెయిల్!"

"దొంగనికి నేను అన్నం మానేసింది ఎట్ల తెలుసు? నేను మిద్దె మీద నడిచేది ఎట్ల తెలుసు? నా ఇంట్ల కోడలికి తెలుసు. కోడలు నీకు చెప్పింది. నువ్వు ఊరికి చెప్పినవు."

 స్వప్న చెప్పిన మాట నిజం. కాన్పుకు వచ్చిన కొత్తల చెప్పింది. "మా అత్తమ్మ అన్నం బందు చేసింది. జొన్నరొట్టె తింటున్నది. పొద్దున మిద్దె మీద నడుస్తది. ఎవ్వరికి చెప్పకే అమ్మా." నేనెవరికి చెప్పలే. కాని ఇప్పుడు ఎవరు నమ్ముతరు?

"తొట్టెలకు నేను రాను" అన్నది వదిన. పెట్టేసింది.

మా దిక్కు పిల్లను తొట్టెల వేసేది నానమ్మ. చెవుల పేరు చెప్పేది మేనత్త. నానమ్మ లేకపోతే తొట్టెల లేదు. స్వప్న పిల్లను ఒళ్ళ పెట్టుకొని గోడకు ఆనింది.

"ఇంట్ల మాట పుట్టింటికి మోసిందని పేరు పడ్డదమ్మా నాకు. రేపు ఆ ఇంట్ల నేను ఎట్ల బతకాలె?"

అంతే. నేను లేచిన. వియ్యంకునికి ఫోన్ చేసిన.

"అన్నయ్యా, ఆ మెయిల్ ఫుల్ హెడర్‌తోని ప్రింటు తీయించుండ్రి. గీతలన్ని పడాలె. తొట్టెల నాడు తీసుకొని రాండ్రి. అది ఏ ఊరిల పుట్టిందో అందరి ముందు చూపిస్త. తేల్చకపోతే నన్ను అడగుండ్రి."

"సరే చెల్లె" అన్నరు. ఆయన మంచోడు. పసుపు తేమ చూసినట్టు ప్రతి మాటను కొంచెం నలిపి చూస్తరు, అంతే.

తొట్టెల రోజు వచ్చింది. బంతిపూలు కట్టినం. గుగ్గిళ్ళు ఉడికినయి. చుట్టాలు నిండిండ్రు. కారొచ్చి గల్లి మొగదల ఆగింది. వియ్యంకుడు దిగిండ్రు. శ్రీకాంత్ దిగిండు. అల్లుని చెల్లె రజిత దిగింది, హైదరాబాద్‌ల కంప్యూటర్ కంపెనీల పని చేస్తది. వదిన దిగలే.

"అమ్మ దిగదంట అత్తమ్మా" అన్నది రజిత. "న్యాయం తేలినంకనే దిగుతనన్నది."

నసీమ్ షర్బతు గ్లాసు పట్టుకొని కారు దాక పోయింది. గ్లాసు నిండుగనే తిరిగొచ్చింది.

"చెల్లె, తొందరగ తేల్చు" అన్నరు వియ్యంకుడు. "కార్ల ఎండ కొడుతున్నది."

"ఎంతసేపన్నయ్యా! కూర్చోండ్రి."

కండ్లద్దాలు పెట్టుకున్న. బసవన్న ముంగట కుర్చీ వేసుకొని కూర్చున్న. అన్నయ్య తెచ్చిన కాగితం మడత విప్పిన. బారెడు ఉన్నది. చుట్టాలు వెనుక నుంచి మెడలు సాపిండ్రు. నాకు కాటా రోజులు యాదికొచ్చినయి. అట్లనే గొంతు సవరించుకున్న.

"అందరు చూడుండ్రి. ఇది మెయిల్ వచ్చిన దారి. అన్నిటికన్న పైన ఏ పేరుంటే అది పుట్టింది అక్కడ."

పై గీత మీద వేలు పెట్టిన. చదివిన. వేలు అక్కడనే ఆగిపోయింది.

వియ్యంకుని దుకాణం పేరు ఉన్నది.

మళ్ళ చదివిన. అదే. అమెరికా లేదు, ఏం లేదు. గంజ్‌ల పసుపు దుకాణం.

ఇప్పుడు చెప్పాల్నా, మింగాల్నా? మింగే మనిషినైతే ఇదంత అయ్యేదే కాదు.

"అన్నయ్యా... ఇది మీ దుకాణంలనే పుట్టింది."

వియ్యంకుడు కండువా తీసి మళ్ళ వేసుకున్నరు.

"ఏమన్నవు?"

"నేనంటలేను. కాగితం అంటున్నది. పైన మీ పేరే ఉన్నది."

"మా బాపు కాలం నుంచి దుకాణం నడుస్తున్నది చెల్లె. తడి పసుపు అమ్మినవని కూడ ఎవ్వడు నన్ను అనలే. నా భార్య మీద నేనే మెయిల్ రాసుకున్నన్నా?"

"మీరు కాదన్నయ్యా! మీ గుమాస్తా కావొచ్చు."

"గుమాస్తాకు ఇంగ్లిషు చదవనీకి వస్తది, రాయనీకి రాదు! వస్తే నేనెందుకు ఊకుంట, సాంగ్లీకి వానితోనే జవాబులు రాయిస్త గదా!"

ఎవరో నవ్విండ్రు. ఆయన నవ్వలే.

"శ్రీకాంత్, బండి తిప్పు. రజితా, పా. మీ అమ్మ రాననుడే మంచిగుండె."

స్వప్న తలుపు కాడ నిలబడ్డది. "మామయ్యా..." అన్నది.  సంకల పిల్ల లేచి ఏడుపు అందుకున్నది.  బిడ్డ కాపురం నిలబెడతనని కూర్చొని, ఆ కుర్చీలనే కూలగొట్టిన!

రజిత కదల్లే. "బాపూ, ఒక్క నిమిషం" అని కాగితం అందుకున్నది. పైకి చూసింది, కిందికి చూసింది.

"అత్తమ్మా, దీన్ని పై నుంచి చదివిండ్రా?"

"మరి ఎట్ల చదువుతరు?"

"కింది నుంచి చదవాలె."

"కింది నుంచా?"

"మెయిల్ నేరుగ రాదత్తమ్మా. నడిమిట్ల కొన్ని కంప్యూటర్లు అందుకొని ముందుకు పంపుతయి. అందుకున్న ప్రతిది తన గీతను అన్నిటికన్న పైన వేస్తది. అంటే ఆఖరుకు అందుకున్నది పైన ఉంటది. మొదట పంపింది అడుగున ఉంటది. పైన మా దుకాణం పేరు ఎందుకున్నది? మెయిల్ అక్కడికి వచ్చింది కాబట్టి."

నాకు వెంటనే కండ్ల ముందు మెరిసింది. బస్తాల లాటు! మొదట దించిన బస్తా అడుగున, ఆఖరుది నెత్తిన. ఇది నాకు తెల్వని సంగతా? పూరా జిందగీ చూసిన సంగతి!

"రజితా, మరి అమెరికాల ఆ దొంగల ఊరు?"

"ఏ ఊరు?"

చెప్పిన. ఆమె పెదవి కొరుక్కున్నది.

"అది మీ మెయిల్ కంపెనీ ఊరు అత్తమ్మా. మీకొచ్చే ప్రతి మెయిల్ పై గీత అదే చూపిస్తది. అన్నయ్య పంపినా అదే, నేను పంపినా అదే."

అంటే నేను కాటా ముంగట నిలబడి, చెరుకంత ఈ కాటాలనే పండుతున్నదని ఊరంత చాటింపు వేసిన. పాపం, ఆ అమెరికా ఊరోళ్ళు! ఎన్ని తిట్లు తిట్టిన!

కాని చూడుండ్రి, నాకు మళ్ళ ధైర్యం వచ్చేసింది. మీ దుకాణం కాదని తేలింది గదా. అసలు దొంగ అడుగున ఉన్నడు గదా!

"అన్నయ్యా, తప్పయింది. కూర్చోండ్రి. రజితా, అడుగు గీత చూడు. విడువకు!"

వియ్యంకుడు కూర్చోలే గాని ఆగిండ్రు. రజిత నా కుర్చీల కూర్చొని అడుగు గీత నంబరు వెబ్‌సైట్‌ల వేసింది. మ్యాప్ తిరిగింది. అమెరికా దాటింది. సముద్రం దాటింది. వచ్చి వచ్చి ఆగింది.

"ఇండియా. మన రాష్ట్రమే" అన్నది రజిత.

"ఇక్కడోడే!" నేను చేతులు చరిచిన. "చూసిండ్రా! నేను చెప్పలే? మనల్ని ఎరిగినోడే చేసిండు!"

"ఇక్కడి నంబరుతోని ఊరు దాక తెల్వదు అత్తమ్మా. కాని పంపిన కంప్యూటర్ తన పేరు చెప్పుకున్నది. ఇగో, ఇక్కడ."

"పేరు కూడ ఉన్నదా! చదువు. గట్టిగ చదువు, అందరు వినాలె!"

రజిత కాగితం దగ్గరకు తెచ్చుకున్నది. అక్షరం అక్షరం చదివింది.

"బ... స... వన్న. బసవన్న."

 

"ఈ బసవన్న ఎవరు అత్తమ్మా?"

 మా ఆయన పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడలే. అప్పుడు మాట్లాడిండు.

"మా మామ ఎద్దు" అన్నడు.

"ఎద్దా?" అన్నరు వియ్యంకుడు.

"చచ్చిపోయింది" అన్నడు మా ఆయన. మళ్ళ ఊకున్నడు.

వాళ్ళకేం తెలుస్తది! శ్రీకాంత్ మాత్రం తలకాయ వంచుకొని నేల చూస్తున్నడు. పేరు కొట్టింది ఆయననే గదా. నసీమ్ షర్బతు గ్లాసు పట్టుకొని అట్లనే నిలబడి ఉండె.

"అరే అక్కా!" అన్నది. "బసవన్న ఈ డబ్బా పేరు గదా!"

అందరు డబ్బా దిక్కు తిరిగిండ్రు. పసుపు. కుంకుమ బొట్టు. దసరా దండ ఇంకా తీయలే. పక్కన మోడెం లైటు టకటక కన్ను కొడుతున్నది. ఎవ్వరు ముట్టలే.

రజిత మెల్లగ అడిగింది. "అత్తమ్మా, ఈ మధ్య ఏదన్న మెయిల్‌ల ఫోటో అని నొక్కిండ్రా?"

"నొక్కిన."

"తెరుచుకున్నదా?"

"తెరుచుకోలే. అందుకే చాన సార్లు నొక్కిన."

ఆ అమ్మాయి కండ్లు మూసుకున్నది. అది వైరస్ అంట. లోపల కూర్చొని, నా అడ్రసు పుస్తకంల ఎవరెవరున్నరో అందరికి నా పేరుతోని మెయిళ్ళు పంపుకుంట పోతున్నదంట. పొట్ట, అన్నం, నడక అన్నది ఎవ్వరి ఇంటి ముచ్చట కాదంట. లోకంల అందరికి అదే రాస్తరంట. అన్నం మాని మిద్దె మీద నడిచేటోళ్ళు అన్ని ఊర్ల ఉంటరు మరి!

"అదా!" నసీమ్ నెత్తి కొట్టుకున్నది. "మా ఆయన దమ్మాం నుంచి ఫోన్ చేసి ఒకటే గొడవ. 'ఇక్కడ నేను లావైనట్టు మీ అక్కకు ఎవరు చెప్పిండ్రు, నా ఫోటో చూపించినవా' అని! నేను నిన్ను ఎట్ల అడుగుత అని ఊకున్న!"

నాకు బాపు బండి కనిపించింది. మీద మనిషి లేడు, చెరుకు లేదు. బసవన్న తనంతట తనే పోయి అందరి గుమ్మాల ముంగట వరుసగ నిలబడ్డది. పేరు పెట్టినందుకు పేరు నిలబెట్టుకున్నది!

మా ఆయన లేచి మోడెం తీగ పీకిండు. లైటు ఆరింది. "పగ్గం గుంజిన" అన్నడు.

వియ్యంకుడు అప్పుడు నవ్విండ్రు. ముందు భుజాలు కదిలినయి, తర్వాత కండువా మూతికి అడ్డం వచ్చింది. కాని అసలు మనిషి కార్ల ఉన్నది. ఆమెకు నేనే చెప్పాలె.

నసీమ్ చేతిల నుంచి గ్లాసు గుంజుకొని పోయిన. అద్దం మీద కొట్టిన. వదిన సగం దించింది.

"దొరికిండా?"

"దొరికిండు వదినా."

"ఎవరు?"

"మా ఇంట్లనే ఉన్నడు."

"నేను చెప్పలే!"

"నేను కాదు. మా బసవన్న."

మొత్తం చెప్పిన. ఎద్దు కాడి నుంచి మొదలుపెట్టి చెప్పిన. ఆమె మొఖం కదల్లే. అన్ని విని ఒక్క మాట అడిగింది.

"ఆ మెయిల్ అందరికి పోయిందా?"

"అందరికి. దమ్మాం దాక."

"నీకు?"

"నాక్కూడ వచ్చింది వదినా. నా పేరుతోని నాకే."

వదిన నన్ను తల నుంచి నడుం దాక చూసింది. నడుం కాడ కొంచెం ఎక్కువసేపు చూసింది.

"ఆ ఒక్కటి సరైన అడ్రసుకు పోయింది" అన్నది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలే. అద్దం ఇంకా సగమే దిగి ఉన్నది.

"మరి స్వప్న చెప్పిందా లేదా? నిజం చెప్పు."

అప్పుడు అబద్ధం ఆడితే పని అయిపోతుండె. కాని ఆ రోజుకు నేను చెప్పిన తప్పులు చాలు అనిపించింది.

"చెప్పింది వదినా. నవ్వనీకి చెప్పలే. నువ్వు ఎట్ల పట్టుదలగ నడుస్తున్నవో చెప్పింది. అది విని తెల్లారే నేను కూడ జొన్నరొట్టె మొదలుపెట్టిన."

"నువ్వా?"

"నేనే."

"ఎన్నాళ్ళు తిన్నవు?"

"పక్కింట్ల నుంచి సేమియా వచ్చే దాక."

వదిన అటిటు చూసింది. గల్లిల ఎవ్వరు లేరు. గొంతు తగ్గించింది.

"నాది కూడ ఎప్పుడో బందయింది. మిద్దె మీదికి పొయ్యేది నిజమే. పోయి పక్కింటామెతోని ముచ్చట పెడుత. మీ అన్నయ్యకు చెప్పకు."

"నేనెవరికి చెప్త!"

"నీ మీద నాకు నమ్మకమే. నీ ఎద్దుతోనే భయం."

డోరు తెరుచుకున్నది. వదిన దిగింది. షర్బతు అందుకొని ఒక గుక్క తాగి, "చక్కెర వేసినవా?" అని అడిగింది.

"బోధన్‌ల చక్కెర లేని షర్బతు ఉంటదా వదినా!"

గ్లాసు ఖాళీ చేసింది. ఇంట్లకు వచ్చి నేరుగ స్వప్న దగ్గరకు పోయింది. బిడ్డ కండ్లు దించుకున్నది. వదిన ఆమె చేతుల నుంచి పిల్లను తీసుకొని, "ఏడ్చి ఏడ్చి మొఖం చూడు ఎట్ల చేసుకున్నవో. ఇంత గుగ్గిళ్ళు తిను, పాలుపడతయి" అన్నది. అంతే అన్నది. స్వప్నకు అది చాలు. నాకు కూడ చాలు.

పిల్లను తొట్టెల వేసింది. పాట అందుకున్నరు. రజిత పేరు చెప్పనీకి పిల్ల చెవి దాక వంగింది.

"ఆగు!" అన్నది వదిన. పాట ఆగింది. "ఈ పేరు ఎవరు అనుకున్నది?"

"నేను, స్వప్న" అన్నడు శ్రీకాంత్.

"మీ అత్తమ్మ చెయ్యి లేదు గదా?"

"లేదమ్మా."

"అయితే చెప్పు."

ఇల్లంత నవ్వింది. మా ఆయన కూడ నవ్విండు. నేను తొట్టె తాడు పట్టుకోబోతే నసీమ్ నన్ను పక్కకు జరిపింది. "అక్కా, నువ్వు దేన్ని ముట్టకు. ఇయ్యాలకు ఊకో."

రజిత బసవన్నను సాయంత్రానికి బాగు చేసింది. బొట్టు అట్లనే ఉంచింది. పేరు మార్చమంటే నేనే వద్దన్న. దాని తప్పేం లేదు. పగ్గం నేను వదిలేసిన, అది నడిచింది.

ఇప్పుడు హెడర్ కింది నుంచి పైకి చదువుతున్న. బాగ వచ్చింది. నమ్మకంగ చెప్తున్న, ఈ వాడకట్టుల నాకన్న బాగ ఎవ్వరు చదవలేరు. నిన్ననే ఒకామె ఆగి అడిగింది.

"సావిత్రక్కా, మా తమ్మునికి ఏదో దొంగ మెయిల్ వచ్చిందంట. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తవా?"

"చెప్త, ఎందుకు చెప్ప" అన్న. "జర ఆగు. ముందు మా ఇంట్ల చూసొస్త."